రెండో బటన్

"అన్నా, ఇది ఆడుకునేదానికి గాదు. గొర్రెల్ని పిలిచేదానికి."

గిద్దలూరులో నా రిపేరు దుకాణానికి వచ్చిన యశోద మొదటి మాట అది. అరచేతిలో పట్టే గేమ్ మెషీన్ ఒకటి కౌంటర్ మీద పెట్టింది. లోపల లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రకం, కావలసినట్టు మార్చుకోవచ్చు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

వాళ్ల నాయన నాగులుకు గొంతు ఆపరేషన్ జరిగి మాట పోయింది. అంతకుముందు ఫోన్‌లో రికార్డు చేసిన ఆయన పిలుపులు రెండు ఈ మెషీన్‌లో మాత్రమే మిగిలాయి. ఫోన్ పాడైపోయింది. స్పీకర్ తగిలించుకున్నా, మెనూలు తిప్పడం ఆయనకు చేతకావడం లేదు. ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో పిలుపు పలికేలా చెయ్యాలి.

"దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కియ్యాల. నాలుగు రోజులు పడతది," అన్నాను. నిజానికి గంట పని.

"అన్ని రోజులు గొర్రెల్ని నువ్వొచ్చి తోల్తావా?"

"తోల్తా. ముందు అన్నా అనేది మానుకో."

"మరేమనాల? బావా అంటే నాయన కట్టె తీసుకుంటాడు."

నాలుగు రోజులూ వచ్చింది. నాలుగో రోజు వాన. చున్నీ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆమె చూసిన చూపుకు నా బుద్ధి గడ్డి తిన్నది.

మెషీన్‌లోని మెమరీ కార్డు నిండిపోయి ఉంది. ఒక పిలుపు "హో హో" అని స్పష్టంగా ఉంది. రెండోది నాలుక ఆడించిన చప్పుడు, దానిమీద గాలి హోరు. రెండూ పిలుపులే, ఒకటి చాలదా అనుకున్నాను. రెండోది చెరిపేసి ఆ బటన్‌లో నా గొంతు పెట్టాను: "యశోదా, నువ్వంటే నాకిష్టం." ఇంటికెళ్లి విని సిగ్గుపడుతుందనుకున్నాను.

మర్నాడు నాగులు అడవి అంచున మొదటి బటన్ నొక్కాడు. మంద కొండెక్కింది. సాయంత్రం రెండోది నొక్కితే నా ప్రేమ పలికింది. గొర్రెలు తలెత్తలేదు. మొదటిది తోలే పిలుపు, రెండోది మళ్లించేది. గొర్రెలు కాసే ఇంట్లో పసిపిల్లలకైనా తెలిసిన సంగతి. ఆయన రాళ్లలో పడి లేస్తూ చీకటిదాకా తిరిగినా రెండు గొర్రెలు దొరకనే లేదు.

పొద్దున్నే యశోద మెషీన్ తెచ్చింది.

"నాయన పిలుపు మళ్లీ తెప్పియ్యి."

మధ్యాహ్నం దాకా తంటాలు పడ్డాను. అది ఉన్న చోటే నా మాటలు ఎక్కి కూర్చున్నాయి.

"రాదు," అన్నాను.

"నీకు నోరుంది గదా. నోటితో అడిగింటే ఔననేదాన్ని," అంది, కళ్లు తుడుచుకోకుండానే. "నోరు లేనాయన పిలుపు చెరిపి దాంట్లో నీ మాట పెట్టినావా?"

"తప్పయింది యశోదా."

"నాకు గాదు చెప్పాల్సింది. నాయన బయట మెట్ల మీదున్నాడు. నీ మాటల్ని పట్టించుకోలా, పిలుపు బాగైతదని నాతో వచ్చినాడు. పోయి నువ్వే చెప్పు."

బయటికి వచ్చాను. నాగులు నన్ను చూసి లేచాడు. మెషీన్ కోసం నవ్వుతూ రెండు చేతులూ చాపాడు.