రన్‌వే పక్క చేపల దుకాణం

"సాయంత్రంలోగా ఈ దుకాణం ఇక్కణ్ణించి తీసెయ్యాలి," అంది ప్రమోద.

మణికుమార్ చేతిలో కత్తి ఆగింది. సగం కోసిన సూరచేప బల్ల మీద ఉంది. అతను తలెత్తి ముందు ఆమె ఎర్ర టోపీని, తర్వాత చేతికున్న మిలిటరీ పోలీసు పట్టీని, చివరికి ముఖాన్ని చూశాడు. ముఖాన్ని కాస్త ఎక్కువసేపే చూశాడు.

"మేడమ్, మీరు తెలుగా?"

"తెలుగే. దుకాణం సంగతి చెప్పండి."

"నా చిన్నప్పట్నుంచి మా అమ్మ ఈ మలుపులోనే అమ్ముతోంది. ఇప్పుడొచ్చి హటావో అంటే ఎలా మేడమ్?"

ప్రమోద పైకి చూపించింది. నాలుగు సముద్రపు గద్దలు తీరుబడిగా చుట్లు తిరుగుతున్నాయి. దుకాణం వెనకే ఎయిర్ బేస్ కంచె, కంచె అవతల రన్‌వే.

"మీరు పారేసే చేప పేగుల కోసం అవి వస్తున్నాయి. ఒక్కటి ఇంజన్లో పడితే విమానం దిగదు, పడిపోతుంది. యుద్ధం జరుగుతోంది, తెలుసా?"

"తెలుసు. టీవీలో చూస్తున్నాం. గద్దలకి తెలీదు కదా."

నవ్వొచ్చింది గానీ ప్రమోద నవ్వలేదు. డ్యూటీలో ఉంది.

మే మొదటి వారంలో పడమటి సరిహద్దులో యుద్ధం మొదలైంది. అండమాన్‌కి అది చాలా దూరమే. అయినా పోర్ట్ బ్లెయిర్ బేస్ నుంచి పొద్దస్తమానం నిఘా విమానాలు సముద్రం మీదికి వెళ్ళొస్తున్నాయి. కాపలా పెంచడానికి మెయిన్‌లాండ్ నుంచి దింపిన మిలిటరీ పోలీసుల్లో లాన్స్ నాయక్ ప్రమోద ఒకతె. యుద్ధమంటే ఆమె ఏవేవో ఊహించుకుంది. ఇక్కడ చేస్తున్నదల్లా కారు డిక్కీలు తెరిపించడం, పాసులు చూడడం, కంచె దగ్గరకొచ్చిన మేకల్ని తోలడం. ఇప్పుడు చేపల దుకాణం లేపడం.

మణికుమార్ తల్లి రాజకుమారి తడి చేతులతో ముందుకొచ్చింది.

"ఏటమ్మా, మా పొట్ట మీద కొట్టడానికేనా ఓడెక్కి ఇంత దూరం వచ్చినావు?"

"విమానంలో వచ్చానండీ. అదే పడిపోకూడదంటున్నాను," అంది ప్రమోద.

మణికుమార్ ఫక్కున నవ్వాడు. తల్లి వాణ్ణి గుర్రుగా చూసింది. సాయంత్రానికి టార్పాలిన్ విప్పారు. దుకాణం డైరీ ఫార్మ్ పేటలో బస్‌స్టాప్ పక్కకి మారింది. అక్కడ బేరాలు సగానికి సగం తగ్గాయి.

తర్వాత రోజుల్లో అతను రోజూ స్కూటర్ మీద ఐసు పెట్టెతో చెక్‌పోస్టు దాటేవాడు. రోజూ ఆమె పెట్టె తెరిపించేది.

"నిన్న చూసినవే మేడమ్."

"నిన్నటివి తాజావన్నారుగా. ఇవీ అవేనా?"

"అయ్యో! ఇవి వేరే. సేమ్ టు సేమ్, కానీ వేరే."

వాన మొదలయ్యాక రెయిన్‌కోటు కింద ఆమె ముఖం ఒక్కటే కనిపించేది. అతను దాని కోసమే నెమ్మదిగా బండి ఆపేవాడని పక్కనున్న జవాన్లు నవ్వుకునేవారు. ప్రమోద మాత్రం ఏమీ తెలియనట్టు పెట్టె మూత వేసి "జాయియే" అనేది. అతను వెళ్ళాక రోడ్డు మలుపు వైపు ఒకసారి చూసేది.

ఒక ఉదయం, పైకి లేస్తున్న నిఘా విమానం రెక్కకి గద్ద తగిలింది. పైలట్ చుట్టు తిప్పి విమానాన్ని క్షేమంగా దించాడు. 

గద్దలు పాత మలుపు దగ్గరే దిగుతున్నాయి. ప్రమోదకి వేరే అనుమానం రాలేదు. మున్సిపాలిటీ వాళ్ళను వెంటబెట్టుకుని సరాసరి బస్‌స్టాప్‌కి వెళ్ళింది.

"చెత్త తీసుకెళ్ళి మళ్ళీ కంచె దగ్గరే పారేస్తున్నారు కదూ?"

మణికుమార్ మొహంలో నవ్వు పోయింది. "నేనా? సముద్రంలో పారేస్తున్నాను. జంగ్లీఘాట్ రేవులో ఎవర్నైనా పూఛో, అడిగి చూడండి."

"అయితే గద్దలు అక్కడికి ఎందుకొస్తున్నాయి?"

"అది గద్దల్నే అడగండి. నన్ను రోజూ చూస్తున్నారు కదా, పెట్టె తెరిచి మరీ చూస్తున్నారు. నేను అట్లాంటోడిలా కనిపిస్తున్నానా మీకు?"

 మున్సిపాలిటీ వాళ్ళు తూకం, పెట్టెలు, కత్తులు వ్యాన్‌లో ఎక్కించారు. రాజకుమారి ఈసారి తిట్టలేదు. బస్‌స్టాప్ అరుగు మీద కూర్చుండిపోయింది. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది ప్రమోదకి.

మర్నాటి నుంచి స్కూటర్ రాలేదు. దుకాణం మూతపడింది. అయినా గద్దలు వస్తూనే ఉన్నాయి.

రెండు రోజులు ప్రమోద వాటినే చూసింది. మూడో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి, భోజనానికి వెళ్ళకుండా, కంచె లోపలి వైపు నుంచి ఆ మలుపు దాకా నడిచింది. గద్దలు దిగుతున్నది కంచె బయట కాదు, లోపలే. మెస్సు వెనకాల పొదల్లో పెద్ద గొయ్యి. పైన కప్పిన మట్టి వానకి కొట్టుకుపోయి చేప తలలు, కోడి పేగులు బయటపడ్డాయి. యుద్ధం మొదలయ్యాక చెత్త లారీని లోపలికి రానివ్వడం మానేశారు. మెస్సు వాళ్ళు తేలిక మార్గం చూసుకున్నారు.

ఆమెకు ముందు గుర్తొచ్చింది గద్దలు కాదు. నేను అట్లాంటోడిలా కనిపిస్తున్నానా అని అడిగిన మనిషి.

తన పై అధికారి సుబేదార్ పూర్ణచంద్రకి వెళ్ళి చెప్పింది. ఆయన విని నుదురు రుద్దుకున్నాడు.

"మెస్సు హవల్దారు నీకంటే సీనియర్. నేను పిలిచి మందలిస్తాను, గొయ్యి పూడ్చేస్తారు. రిపోర్టు ఎందుకు?"

"బయట వాళ్ళ దుకాణం మూయించాం సాబ్. వాళ్ళ తప్పు లేదని ఎక్కడో ఒకచోట రాయాలి కదా. నేను పొరపాటు చేశానని కూడా రాస్తాను."

"తర్వాత మెస్సులో నీకు మర్యాద ఉండదు."

"ఉండకపోతే ఉండకపోనీండి సాబ్."

ఆయన ఒక కాగితం ఆమె ముందుకు తోసి, "రాయి," అన్నాడు.

గొయ్యి ఖాళీ చేయించారు. హవల్దారుకి శిక్ష పడింది. సుబేదార్ చెప్పినట్టే అయింది. మెస్సులో ప్రమోద పళ్ళెంలోకి మాడిన రొట్టెలు, అడుగున మిగిలిన పప్పు వచ్చాయి. ఎవరూ పక్కన కూర్చోలేదు. అదేమంత బాధనిపించలేదు. అంతకంటే కష్టమైన పని ఇంకోటుంది.

మున్సిపాలిటీ ఆఫీసు నుంచి సామాను విడిపించి, ఆటోలో వేసుకుని, డైరీ ఫార్మ్‌లో వాళ్ళ ఇంటి ముందు దిగింది.

మణికుమార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. 

"తప్పు మా వాళ్ళదే. మీ మీద పడ్డాను. క్షమించండి," అందామె.

"యూనిఫాం వేసుకుని సారీ చెప్పొచ్చా మేడమ్?"

"చెప్పొచ్చు."

"చెప్పకూడదేమో అనుకున్నాను. అయితే సరే." అతను పెట్టె దించడానికి ముందుకొచ్చాడు. "ఇంకోసారి డౌట్ వస్తే నన్నడగండి. ముందు నన్నడగండి, బస్, అంతే."

లోపల్నుంచి రాజకుమారి వచ్చి ప్రమోదని ఎగాదిగా చూసింది.

"మెస్సులో తిండి పెట్టడం లేదేటే నీకు? ఇలా ఎండిపోనావు! లోపలికి రా."

"డ్యూటీకి టైమవుతోందండీ."

"తినేసి ఎల్లు. విమానాలు పారిపోవులే."

ఆ రోజు ప్రమోద చేపల పులుసుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. మణికుమార్ ఎదురుగా కూర్చుని, ముల్లు జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాడు. ముళ్ళు లేని చేప అది.

తర్వాత ఖాళీ దొరికినప్పుడల్లా బస్‌స్టాప్ వైపు నడిచేది. అతను ఫెరార్‌గంజ్ నుంచి వచ్చిన కొబ్బరి బోండం కొట్టిచ్చేవాడు. ఆమె తన ఊరు సోంపేట కబుర్లు చెప్పేది, అతను వల లాగేటప్పటి పాటలు పాడేవాడు. అందులో సగం తెలుగు, సగం హిందీ. దేనికీ శ్రుతి లేదు.

కాల్పుల విరమణ ప్రకటించిన వారానికి ఆమె దళానికి ఆర్డర్లు వచ్చాయి. మర్నాడు ఉదయమే ప్రయాణం. ఆ సాయంత్రం ప్రమోద మొదటిసారి సివిల్ బట్టల్లో, ఆకుపచ్చ చుడీదార్‌లో దుకాణానికొచ్చింది. వాన దంచేస్తోంది. మణికుమార్ ఆమెను గుర్తుపట్టక "ఏం కావాలి దీదీ?" అన్నాడు. మరుక్షణం నాలుక్కరుచుకున్నాడు.

"రేపు వెళ్ళిపోతున్నాను," అంది.

అతను కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. ఇద్దరూ బస్‌స్టాప్ రేకుల కిందికి వెళ్ళారు. 

"నాకు మంచి మాటలు రావు ప్రమోదా. తుమ్ జావోగీ తో... నువ్వెళ్ళిపోతే నాకేం బాగోదు. అంతే."

"నాకూ బాగోదు."

అతను గబుక్కున తిరిగాడు.

"ఆగు, పూర్తిగా విను," అందామె. "నా ఉద్యోగం ఇంతే. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. మళ్ళీ యుద్ధమొస్తే పెళ్ళి మధ్యలోనైనా పిలుస్తారు. మానెయ్యమని నువ్వుగానీ, మీ అమ్మగానీ అనకూడదు."

"మా నాన్న సముద్రంలోకి వెళ్తే వారాల తరబడి వచ్చేవాడు కాదు. మా అమ్మ ఎప్పుడైనా మానెయ్యమందా? ఎదురుచూడ్డం మా ఇంట్లో అందరికీ వచ్చు."

ప్రమోద ఫోన్ తీసి సోంపేటలో ఉన్న తండ్రి భాస్కరరావుకి కలిపింది. ఆయన కూడా పాత జవానే. రెండు వాక్యాల్లో సంగతి చెప్పేసింది.  అవతల్నుంచి ఒకటే ప్రశ్న.

"ఏ ఊరు వాళ్ళమ్మా?"

"మీది ఏ ఊరని అడుగుతున్నారు నాన్న," అంది మణికుమార్‌తో.

"ఇదే ఊరు. మా తాతది... అరే, పేరు మర్చిపోయాను!" అతను దుకాణం వైపు పరుగెత్తాడు. "అమ్మా, తాతది ఏ ఊరు?"

"ఎవరికి కావాలి?"

"ప్రమోద వాళ్ళ నాన్నకి."

రాజకుమారి కోస్తున్న చేపని వదిలేసింది. కొడుకుని చూసింది, వానలో తడుస్తూ వచ్చిన ప్రమోదని చూసింది. చేతులు శుభ్రంగా కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోన్ అందుకుంది. తూకం దగ్గర నిలబడ్డ ఇద్దరు బేరగాళ్ళు కూడా చెవులొగ్గారు. 

ఆమె గొంతు సవరించుకుని, ఎప్పుడూ లేనంత మెత్తగా అంది.

"నమస్కారమండీ అన్నయ్యగారూ! మాది బారువ. మీ సోంపేట పక్కనే!"