ఆడని ఆటల పట్టిక

స్పెయిన్–జపాన్ గడి దగ్గర సుభాషిణి బొటనవేలు ఆగింది. పూరణి ఇచ్చిన తేడా 2.6 గోల్స్, స్పెయిన్ వైపు. నమ్మిక తొంభై ఆరు శాతం.

"ఎలా వచ్చింది ఇది?"

"నిరుడు తేడా 2.2. దానికి ముందు 1.9," అంది పూరణి. యంత్రమే అయినా గొంతులో మర్యాదకు లోటు లేదు.

"ఆ నిరుటి అంకె ఎక్కడిది?"

"దాని ముందటి ఏడాది అంకె నుంచి."

అడిగి లాభం లేదని తెలిసే అడిగింది. పదకొండేళ్ళుగా ఇదే తంతు. వేలు నొక్కింది. అంకె బూడిదరంగులో గడిలో కూర్చుంది. తర్వాతిది స్పెయిన్–బ్రెజిల్.

రుషికొండ కడుపులో మూడు అంతస్తుల లోతున ఉంది, దేశాల జట్లను పోల్చి తూచే తులనాలయం. పైన మిట్టమధ్యాహ్నం యాభై మూడు డిగ్రీలు. ఎండలు ఇలా ముదిరాక ఆరుబయట ఫుట్‌బాల్ ఆడే రోజులు పోయాయి. కప్పు వేసి చల్లార్చిన చల్లబరులు ప్రపంచం మొత్తానికి తొమ్మిదే. అందుకని ఒక నియమం పెట్టారు: రెండు దేశాల మధ్య తేడా అరగోలు లోపుంటేనో, అసలు తేడా ఎంతో తెలియకపోతేనో బరి ఇవ్వాలి. గెలిచేదెవరో తెలిసిపోయిన ఆట ఆడి కరెంటు తగలెయ్యడం దేనికి? వినడానికి ఎంత బుద్ధిగా ఉందో! చేరిన కొత్తలో సుభాషిణి కూడా భేష్ అనుకుంది.

మహిళల జాతీయ జట్ల ముఖాముఖి పట్టిక ఆమెది. నలభై ఎనిమిది దేశాలు, జోడీకో గడి చొప్పున వెయ్యిన్నూట ఇరవై ఎనిమిది గడులు. సరిపోల్చరిగా చేరిన మొదటి రోజే నూరిపోశారు, గడి ఖాళీగా ఉంచకూడదని. ఆడిన ఆటకు నల్ల అంకె. ఆడని ఆటకు పూరణి ఊహించిన బూడిద అంకె. మార్చి ఆఖరున సంవత్సరం ముగింపు పేరుతో బూడిద అంకెలన్నిటినీ నల్లబరుస్తారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. పట్టిక శుభ్రంగా కనిపించాలని ఎప్పుడో ఏ మహానుభావుడో సెలవిచ్చాడట, అంతే. ఏప్రిల్ రాగానే పూరణి ఆ నలుపు చూసి నిజంగా ఆడిన ఆటేననుకుని దానిమీద ఇంకో ఊహ కడుతుంది. అలా అరగోలు కాస్తా గోలై, గోలు మూడై కూర్చుంటుంది. ఒకటో స్థానంలో ఉన్న స్పెయిన్, పట్టికలో పైనున్న ఎనిమిది జట్లలో ఎవరితోనైనా నిజంగా తలపడి ఆరేళ్ళు దాటింది. చల్లబరుల్లో ఇప్పుడు ఆటగాళ్ళ కాంతిబొమ్మలు పరుగెడుతుంటాయి, జనం టిక్కెట్లు కొని చూస్తారు. దానికి మాత్రం కరెంటు ఉంది!

ఇవాళ మార్చి ముప్పై ఒకటి. సాయంత్రం ఐదింటికి కొత్త పట్టిక లోకానికి తెరుచుకుంటుంది.

మూడున్నరకు తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది. మూడు రోజులుగా పైన సందర్శకుల గదిలో కూర్చుని చీటీలు పంపుతున్న మనిషి ఈమేనని సుభాషిణికి అర్థమైంది. పొడగరి. వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి.

"మేడమ్, నాను మజ్జి కృపావతిని. మాది సాలూరు. ఇండియా గోల్‌కీపర్ని, కెప్టెన్ని."

"అర్జీ పెట్టారు కదమ్మా. చూస్తాం అని జవాబు కూడా ఇచ్చాం."

"ఎప్పుడు చూస్తారు మేడమ్? పదేళ్ళు బరి దక్కని జట్టుని రద్దు చేసేస్తారట కదా. మాకు ఈ సాయంత్రంతో పదేళ్ళు. రేపు చూసి ఏటి చేస్తారు?"

సుభాషిణికి చిరాకు ముంచుకొచ్చింది. ఈమె మీద కాదు, కానీ ఎదురుగా ఉన్నది ఈమే. "నియమం నేను రాయలేదమ్మా. తేడా ఎక్కువుంటే బరి రాదు. జపాన్‌తో మీ తేడా 6.8."

"అదే అడుగుదామని వచ్చాను. పదేళ్ళ కిందట జపాన్‌తో ఆడినాము. రెండు–ఒకటితో ఓడిపోయాము. ఆ రెండు గోల్సూ నాను ఇచ్చినవే, కాదనను. మొదటిది నా కాళ్ళ సందులోంచే పోయింది. ఇప్పటికీ అది తలుచుకుంటే అన్నం సయించదు." కృపావతి గొంతు పెరిగింది. "అక్కడితో అయిపోయింది. మళ్ళీ మమ్మల్ని ఎవరూ ఆడనివ్వనేదు. మీ పట్టికలో మాత్రం ఒక్క జపాన్‌కే నాను ముప్పై నాలుగు గోల్స్ ఇచ్చినట్టు ఉంది. ఎప్పుడిచ్చాను మేడమ్? ఎవరు చూసినారు?"

సుభాషిణి జపాన్–ఇండియా గడి అడుగుపొర తెరిచింది. ఏ అంకెను ఎవరు నల్లబరిచారో అక్కడ ఉంటుంది. పై నుంచి కిందికి తొమ్మిది వరసలు. ప్రతి వరస పక్కనా ఒకటే వేలిముద్ర. తనది.

స్పెయిన్–జపాన్ తెరిచింది. అక్కడా తనదే. జర్మనీ–బ్రెజిల్, ఇంగ్లండ్–కొలంబియా, ఎక్కడ తెరిచినా తనదే. ఇన్నాళ్ళూ పూరణిని తిట్టుకుంది, నియమాన్ని తిట్టుకుంది. తీరా చూస్తే ఏటేటా మార్చి ఆఖరున టీ తాగుతూ, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ అబద్ధాన్ని నిజం చేసింది తానే. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

నాలుగున్నరకు అధిపతి సత్యప్రసాద్ వచ్చాడు. "నల్లబరచడం అయిందా సుభాషిణి గారూ? ఇంకా అరగంటే ఉంది."

"సార్, ఒకసారి ఈ అడుగుపొర చూడండి. పై ఎనిమిది జట్లవి కూడా ఊహలే. ఎవరు ఎవరికన్నా మెరుగో మనకసలు తెలీదు."

"ఇప్పుడా మీకు తెలిసింది?" ఆయన నవ్వాడు. "అమ్మా, ప్రపంచం మొత్తం ఈ వరస మీద నడుస్తోంది. ఎవర్నీ కష్టపెట్టడం లేదు కదా."

"ఈమెను కష్టపెడుతోంది."

సత్యప్రసాద్ అప్పుడు చూశాడు కృపావతిని. చెడ్డవాడేమీ కాదు. ఎదుటి మనిషి బాధపడుతుంటే చూడలేడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఓ పని చేద్దాం. ఆ ఒక్క గడిలో 0.4 అని పెట్టెయ్యండి. అరగోలు లోపే కాబట్టి బరి వచ్చేస్తుంది, జట్టు నిలుస్తుంది. ఎవరైనా అడిగితే నేను చూసుకుంటాను. ఏమ్మా, సంతోషమేనా?"

కృపావతి పదేళ్ళుగా అడుగుతున్నది అదే. ఒక్క ఆట. సుభాషిణి వేలు అప్పటికే 0.4 దగ్గరికి వెళ్ళింది. కృపావతి తెర వంక చూసింది, ఆ వేలి వంక చూసింది.

"ఇది కూడా ఆడకుండానే రాస్తారా?" అంది.

వ్యంగ్యం కాదు. నిజంగానే అడిగింది.

సుభాషిణి వేలు వెనక్కి తీసుకుంది. నల్లబరిచిన సరిపోల్చరికి దాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంది. ఇంతవరకూ ఎవరూ వాడుకోలేదు, తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. "పూరణీ, పదకొండేళ్ళలో నేను నల్లబరిచినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇవాళ నింపిన బూడిద అంకెలు కూడా. ఆ గడులు మళ్ళీ నింపకు."

"గడి ఖాళీగా ఉంచకూడదు," అంది పూరణి.

"తెలియనప్పుడు ఉంచాలి. నా వేలిముద్ర, నా బాధ్యత."

"సుభాషిణీ! మతి పోయిందా?" సత్యప్రసాద్ ముందుకు దూకాడు. ఆమె అప్పటికే నొక్కేసింది. వెనక్కి తీసుకున్న ముద్రను అధిపతి కూడా తిరిగి వెయ్యలేడు.

గడులు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. మొదట అట్టడుగు దేశాలవి, తర్వాత మధ్యవి, చివరికి పై ఎనిమిదివీ. వెయ్యిన్నూట ఇరవై ఎనిమిదిలో అరవై రెండు మిగిలాయి. వాటిలో ఒకటి పదేళ్ళ నాటి జపాన్ రెండు, ఇండియా ఒకటి.

"ఒకటో స్థానం ఎవరిది?" సత్యప్రసాద్ దాదాపు అరిచాడు.

"తెలియదు," అంది పూరణి. ఆ మాట దాని నోట వినడం వాళ్ళిద్దరికీ అదే మొదటిసారి. "తేడా తెలియని జోడీలు వెయ్యిన్నీ అరవై ఏడు, పదేళ్ళు నిండిన జపాన్–ఇండియాతో కలిపి. నియమం ప్రకారం అన్నిటికీ బరి ఇవ్వాలి. పదేళ్ళ గడువు దగ్గరపడిన జట్టుకు ముందు ఇవ్వాలి. జపాన్–ఇండియా, ఏప్రిల్ పద్నాలుగు. పాత ఆట పదేళ్ళు దాటుతున్నందున లెక్కకు రాదు."

ఐదైంది. పట్టిక అలాగే లోకానికి తెరుచుకుంది. మొదటి ఫోను మాడ్రిడ్ నుంచి, రెండోది టోక్యో నుంచి. సత్యప్రసాద్ దేన్నీ ఎత్తలేదు. కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

కృపావతి ఎగిరి గంతేస్తుందనుకుంది సుభాషిణి. ఆమె మాత్రం గోడకు ఆనుకుని నిలబడింది. "మేడమ్... పద్నాలుగు రోజులే ఉన్నాది. ఆళ్ళు నిజంగా ఏడు గోల్స్ కొట్టేస్తేనో?"

"కొట్టొచ్చమ్మా. నాకు తెలీదు."

కృపావతి కళ్ళు తుడుచుకుంది. "కొడితే కొట్టనీండి. ఏడూ నా పేరునే రాయండి. అవి నావి."

"రాయడానికి ఈవిడ ఇక్కడుంటేగా!" సత్యప్రసాద్ లేచి చెయ్యి చాచాడు. "కార్డు ఇచ్చెయ్యండి సుభాషిణి గారూ. రేపటి నుంచి ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

ఆమె మెడలోని కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఎవరు కూర్చున్నా సరే సార్. చూసి రాయమనండి."