ఎడమ చెవి సిగ్నల్

రజిని పరుగెడుతోంది!

క్యాంపస్‌లో కరెంటు లేదు. చెట్ల కింద చిమ్మచీకటి. చేతిలో ఫోన్... స్క్రీన్ మీద ఒకే పేరు.

'ప్రవళిక ఎడమ.'

చెల్లెలి చెవి మిషన్! బ్లూటూత్‌ది. ఎడమకొకటి, కుడికొకటి.

నిన్నటి నుంచి ప్రవళిక లేదు. మెసేజ్ మాత్రం వచ్చింది.

"అక్కా, పోతున్న."

ఎవరితోనో లేచిపోయి ఉంటుందన్నారు పోలీసులు. రజిని నమ్మలేదు. వాళ్ళింట్లో పాల ప్యాకెట్‌కు వెళ్ళినా 'పోయొస్తా' అనే అంటారు. ఒకసారి ఆ మాట అనకుండా గడప దాటిన నాన్న మళ్ళీ రాలేదు.

ఆ మెసేజ్ కొట్టింది ప్రవళిక కాదు!

"దిలీపన్నా, ఫుల్ సిగ్నల్! గీడనే ఉన్నది!"

వెనక దిలీప్. ప్రవళిక ల్యాబ్‌లో సీనియర్. తన కొత్త ఫోన్ చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"నా దాంట్ల ఏం లేదు. నీది డొక్కు ఫోన్ రజినీ. చిప్‌కు చిప్‌కు తేడా ఉంటది. ఒకటి ఆగకుండ వెతుకుతది. ఇంకోటి బ్యాటరీ కోసం కునుకు తీస్తది, పాత పేర్లే చూపిస్తది."

"మరి ఫుల్ గీతలు ఎందుకొస్తున్నయి?"

"యాంటెన్నా గట్లుంటది. దూరమున్నదాన్ని సుత పక్కనే అంటది. తార్నాకల నా కారున్నది, దా. హబ్సిగూడ దిక్కు చూద్దాం."

చదువుకున్నవాడు. నమ్మింది.

గేటు దాటారు. తార్నాక. హారన్లు... దోశల పొగ... మెట్రో స్తంభాలు.

లైబ్రరీ దగ్గర ఫుల్. గేటు దగ్గర ఫుల్. ఇక్కడా ఫుల్!

రజిని అడుగు ఆగింది.

సిగ్నల్ తమతోపాటే నడుస్తోంది!

"అన్నా... గొంతు ఎండుకపోతున్నది. నీళ్ళ బాటిల్ తెస్తవా?"

"తెస్త. గా తెల్ల కారే నాది. ఆడ నిలబడు."

దిలీప్ రోడ్డు దాటాడు.

ఒక గీత పోయింది. ఇంకొకటి... ఇంకొకటి...

హార్డ్‌వేర్ తేడా కాదు. అబద్ధం! చెల్లెలి చెవి మిషన్ వాడి జేబులో ఉంది!

పారిపోవాలి! వెనక్కి అడుగేసింది. వీపుకు ఆ తెల్ల కారే తగిలింది.

స్క్రీన్ మీద కొత్త పేరు!

'ప్రవళిక కుడి.'

ఒక్కటే గీత. ఇనుము అడ్డమున్నట్టు...

డిక్కీ!

అరచేత్తో బాదింది. లోపలి నుంచి... టక్. టక్.

"చెల్లే!"

"అరువకు."

వెనక దిలీప్. చేతిలో బాటిల్ లేదు. పిస్టల్! గురి ఆమెకు కాదు... డిక్కీకి.

"నా థీసిస్ కాపీ అని సార్‌కు చెప్తదట మీ చెల్లె. ఇప్పుడు నువ్వొకదానివి! సప్పుడు చెయ్యకుండ కారెక్కు. లేకుంటే ఆమెను గీడనే కాలుస్త."

రజిని ఎక్కలేదు.

డిక్కీకి వీపు ఆనించింది. రెండు చేతులూ చాచింది. దోశల బండి దగ్గరి జనం వైపు గొంతు చించుకుని అరిచింది.

"డిక్కీల మా చెల్లె ఉన్నది! కాపాడుండ్రి!"

ఢాం!

జనం చెల్లాచెదురయ్యారు. తూటా రజిని ఛాతీలో దిగింది. కారుకు జారగిలబడి కూలింది. ఊపిరి అందడం లేదు.

వీపు వెనక, ఇనుము లోపల... ఇంకా కొడుతూనే ఉంది.

టక్... టక్...