తొంభయ్యో సెకను

పర్ణశాల రేవులో తెల్లవారుతూనే స్నానాలకు దిగిన భక్తులకు మొదట కనిపించింది ఒక నల్ల బూటు. ఆనక, ఆ బూటు తొడుక్కున్న మనిషి కనిపించాడు.

గుండు, నుదుట నామం, భుజానికి తడిసిన కాషాయం సంచి. ఎవరో యాత్రికుడు కాలు జారి మునిగాడనుకున్నారంతా. బూట్లేసుకుని గోదాట్లో దిగే యాత్రికుడెవడయ్యా అని అడిగినవాడు హెడ్ కానిస్టేబుల్ ఒక్కడే. చెవి వెనక సూదిపోటు, దాని చుట్టూ నీలం మచ్చ కూడా ఆయనకే కనిపించాయి. చొక్కా మడతలో దొరికిన గుర్తింపు కార్డును ఆయన ఎవరికీ చూపించలేదు. నేరుగా ఖమ్మానికి ఫోన్ చేశాడు.

అదే రోజు, బుధవారం, ఉదయం పదకొండున్నర. ఖానాపురం హవేలిలో హోమియో వైద్యశాల అని బోర్డున్న పెంకుటింట్లో ఏజెంట్ మొండయ్య తన చీఫ్ వెంకటరామారావు ఎదుట నిలబడి ఉన్నాడు. ఆ వైద్యశాలకు మూడేళ్లలో ఒక్క రోగీ రాలేదు. వచ్చినా చీఫ్ సొరుగులో ఉండేవి పిస్టళ్లే గాని మాత్రలు కావు.

"కూర్చో. పర్ణశాల రేవులో తేలినవాడు రాకెట్ కేంద్రంలో టైపిస్టు. కౌంట్‌డౌన్ షెడ్యూలు టైపు చేసింది అతనే. యాత్రికుడి వేషంలో వచ్చి దాని కాపీ ఒక విదేశీ ముఠాకి అమ్మాడు. కాగితం చేతికి రాగానే వాళ్లు అతన్ని లేపేశారు."

"వైనతేయ షెడ్యూలా సార్?"

"అదే. మన కొత్త రాకెట్, మొదటి ప్రయోగం. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఎల్లుండి శుక్రవారం ఉదయం ఏడు నలభైకి ముహూర్తం. ఎనిమిది దాకానే గడువు. ఆ ఇరవై నిమిషాలు దాటితే వానలు, తుఫాన్లు, మళ్లీ కార్తీకం దాకా లేదు. అప్పటికి ఢిల్లీలో ఎవరికైనా ఓపిక మిగులుతుందో లేదో."

"టైము తెలిసినంత మాత్రాన వాళ్లేం చేస్తరు సార్?"

చీఫ్ మ్యాపు పరిచాడు. "రాకెట్ దారి తప్పి ఊళ్ల మీద పడేట్టుంటే, కింద నుంచి సిగ్నల్ పంపి దాన్ని గాల్లోనే పేల్చేస్తారు. అదొక జాగ్రత్త. ఆ సిగ్నల్ కోడ్ కూడా టైపిస్టు అమ్మేశాడు. బయల్దేరిన తొంభయ్యో సెకనుకి వైనతేయ చర్ల అడవుల్లో ఎత్తయిన గుట్టలకి సూటిగా అందుతుంది. అక్కడ కూర్చుని ఎవడో బటన్ నొక్కుతాడు. మన రాకెట్ మన చేతగానితనం వల్లే పేలిందని లోకం నవ్వుతుంది."

"కోడ్ మార్చరాదా?"

"లోపల బిగించి సీల్ వేశారు. విప్పితే నెల."

"ఫోర్సును దింపితే?"

"చర్లలో పది జీపులు కనిపిస్తే వాళ్లు ఇంకో గుట్ట చూసుకుంటారు. అక్కడ గుట్టలకేం కరువు? ఒక్కడివే వెళ్లు. ఇది తునికాకు సీజను, ఆకు కొనే కల్లేదారుగా వెళ్లు. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. ఢిల్లీ చెప్పదు. 'ఆకు ఎండిందా' అని అడుగుతారు. 'ఇంకో ఎండ పడాలె' అను."

మొండయ్య వాచీ చూసుకున్నాడు. నలభై నాలుగు గంటలు.

గురువారం మధ్యాహ్నానికి అతను చర్లకు ఆరు మైళ్ల అవతల, మధ్యప్రదేశ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో, తునికాకు కట్టల్ని వరసగా ఆరబెట్టిన కల్లంలో తిరుగుతున్నాడు. లుంగీ, మెడలో తువ్వాలు, చెవి సందున బీడీ, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు పుల్లలే ఏరియల్. పిడిలో రిసీవర్. దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ ఏది పనిచేసినా పిడి వణుకుతుంది. గొడుగును అటు తిప్పేకొద్దీ వణుకు పెరుగుతుంది.

పన్నెండుంబావుకు పిడి వణికింది. టెస్టింగ్! ఎండను అడ్డుకుంటున్నవాడిలా గొడుగు మెల్లగా తిప్పాడు. ఉత్తరం. పది సెకన్లకు వణుకు ఆగిపోయింది. ఉత్తరాన చూస్తే పక్కపక్కనే మూడు గుట్టలు.

ఆకు కట్టలు దించుతున్న కోయ పెద్దమనిషి దూలయ్యకు బీడీ అందించాడు మొండయ్య. "గా గుట్టల మీదికి పోతరా పెద్దాయనా?"

"మునుపు పోయెటోళ్లం. ఇప్పుడు నడిమి గుట్టకాడ తుపాకులోళ్లు అడ్డం పడ్తున్నరు. రాళ్లు చూడొచ్చిన తెల్లదొర పైన ఇనుప చెట్టు నాటిండు. చెట్టన్నంక నీడియ్యాలె, కాయ గాయాలె. గదేం చెట్టో!"

"ఎప్పుడు నాటిండు?"

"అమాస పోయినంక. సామానంత ఆకు లారీలల్లనే వచ్చింది."

అంతలో దుమ్ము లేపుకుంటూ ఒక జీపు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి కూలీలు పని మరిచిపోయారు. లేత నీలం షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, మే నెల ఎండకు కూడా చెదరని ముస్తాబు. ప్రమీలారాణి! సత్తుపల్లి వైపు పెద్ద రైతు కుటుంబం, మద్రాసులో చదువు, మూడు విదేశీ భాషలు. రాళ్ల నిపుణుడినని చెప్పుకుంటున్న తెల్లదొర హాలెన్‌కు సెక్రటరీ. ఖమ్మం ఫైల్లో ఆమె ఫొటో కింద ఎర్ర సిరాతో శత్రువు అని రాసి ఉండడం మొండయ్య కళ్లారా చూశాడు.

ఆమె ఒక ఆకు తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఆకు ఎండిందా?"

మొండయ్య తనూ ఒక ఆకు నలిపి చూశాడు. "ఇంకో ఎండ పడాలె అమ్మా."

"రేపు ఏడింటికి నడిమి గుట్ట ఎక్కండి. తూర్పు దారిలో కాపలా ఉండదు," పెదవులు కదిలీ కదలకుండా అంది. తర్వాత కూలీలందరికీ వినబడేలా, "పచ్చి ఆకు మాకొద్దు!" అని విసురుగా జీపెక్కింది.

ఆ సాయంత్రం ట్రాన్సిస్టర్ రేడియో వెనక దాచిన వైర్‌లెస్‌లో మొండయ్య రెండే ముక్కలు పంపాడు. నడిమి గుట్ట. అయిదు నిమిషాలకు చీఫ్ జవాబు వచ్చింది. బలగం అడవిలో నడిచి రావాలి, ఎనిమిదికి ముందు అందదు, ఏడు నలభై నీదే.

శుక్రవారం ఏడింటికి తూర్పు దారిన సగం గుట్ట ఎక్కేసరికి అతని వీపుకి తుపాకీ గొట్టం తగిలింది. ఎదురుగా ఇంకో ఇద్దరు. వాళ్ల మధ్య నుంచి నవ్వుతూ దిగి వచ్చింది ప్రమీలారాణి.

"కల్లేదారు గారూ, చెప్పిన టైముకే వచ్చారే!"

మొండయ్య ఎర్ర సిరాను నమ్మనందుకు తనను తాను తిట్టుకున్నాడు.

గుట్ట నెత్తిన చదునైన బండ. మధ్యలో నలభై అడుగుల ఇనుప స్తంభం, కొసన దక్షిణాన్ని చూస్తున్న గిన్నె ఏరియల్. నాలుగు వైపులా నాలుగు ఉక్కు తీగలు స్తంభాన్ని లాగి పట్టుకున్నాయి. దాని కింద బ్యాటరీల వరస, బల్ల మీద ఎర్ర బటన్ ఉన్న పెట్టె, పక్కన రాకెట్ కేంద్రం కౌంట్‌డౌన్ వినిపించే షార్ట్‌వేవ్ రేడియో. హాలెన్ మొండయ్యను ఎగాదిగా చూసి ఇంగ్లీషులో, "కాల్చేస్తే సరిపోయేది," అన్నాడు.

"కాలిస్తే చప్పుడు పోలీసు క్యాంపు దాకా వెళ్తుంది. బటన్ నొక్కాక ఎలాగూ వెళ్లిపోతాంగా, అప్పుడు చూద్దాం," అంది ప్రమీల. ఉత్తరం వైపు తీగ మేకు దగ్గర మొండయ్యను కూర్చోబెట్టి తనే స్వయంగా చేతులు వెనక్కి విరిచి కట్టింది.

ఆమె అటు తిరిగాక మొండయ్యకు అరచేతిలో ఏదో తగిలింది. తాడు కొస. జారుముడి!

మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. వెనక వేళ్లతో మేకును తడిమాడు. తీగ చివర కొక్కెం, దాన్ని పట్టి ఉంచిన ఇనుప పిన్ను. ఇల్లందు బొగ్గుబాయిలో పైకప్పుకు కర్ర దిమ్మెలు నిలబెట్టే పని చేసి వచ్చినవాడు మొండయ్య. ఏ బరువు దేని మీద ఆగిందో చూపుకే తెలుస్తుంది. బరువైన గిన్నె దక్షిణానికి వంగి ఉంది. దాన్ని ఆపుతున్నది ఈ ఒక్క ఉత్తరం తీగే.

ఇప్పుడే పిన్ను లాగితే? స్తంభం పడుతుంది. కాని పది నిమిషాల్లో మళ్లీ నిలబెడతారు. రాకెట్ లేచేదాకా ఆగాలి. లేచాక తొంభై సెకన్లు దాటకూడదు.

ఏడు ముప్పై ఆరు. రేడియోలో గొంతు ఇంగ్లీషులో లెక్క చెబుతోంది. టి మైనస్ ఫోర్ మినిట్స్... గొంతు తడబడింది. "హోల్డ్! హోల్డ్! కౌంట్ ఆపారు."

బండ మీద అందరూ బిగుసుకుపోయారు. హాలెన్ మొండయ్య దగ్గరకొచ్చి గడ్డం పట్టి పైకి లేపాడు. "మీవాళ్లకి తెలిసిపోయిందా?"

"తెలిస్తే నేనిట్ల కూసుంటనా?" అన్నాడు మొండయ్య. ప్రమీల ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది.

ఏడు నలభై దాటింది. నలభై అయిదు. ఎండ చురుక్కుమంటోంది. ఒక కాపలావాడు తుపాకీ అతని మీదే పెట్టి కదలకుండా చూస్తున్నాడు. మొండయ్య వెనక వేళ్లు మాత్రం పిన్నును గోరంత, గోరంత కదుపుతూనే ఉన్నాయి. వేళ్ల చివర్లు చిట్లి జిగటగా తగులుతోంది. ఎనిమిది దాటితే వైనతేయ మళ్లీ కార్తీకం దాకా లేదు. అతనికి రాకెట్ల గురించి తెలిసింది సున్న. అయినా, ఎగురు తల్లీ అని లోపల్లోపల మొక్కుకున్నాడు.

ఏడు యాభై. "కౌంట్ మళ్లీ మొదలు."

హాలెన్ పరుగున బల్ల దగ్గరికి వెళ్లాడు. నాలుగు నిమిషాలు నాలుగు గంటల్లా గడిచాయి. ఫైవ్, ఫోర్, త్రీ, టూ, వన్. రేడియోలో ఒక్కసారిగా హోరు, చప్పట్లు. వైనతేయ లేచింది.

ఇరవై సెకన్లు. కాపలావాడి కళ్లు కూడా రేడియో వైపు తిరిగాయి. మొండయ్య తాడు కొస లాగాడు. ముడి జారింది.

నలభై. పిన్ను పట్టి లాగాడు. రాలేదు.

అరవై. చేతులు రెండూ వేసి గుంజాడు. తుప్పు పట్టిన పిన్ను సగంలో ఇరుక్కుంది.

"వాడి చేతులు!" కాపలావాడు అరిచి తుపాకీ ఎత్తాడు. అప్పుడే ప్రమీలారాణి కాలు అడ్డుపడి వాడు బోర్లా పడ్డాడు. తూటా బండకు తగిలి ఎగిరిపోయింది. ఎనభై. హాలెన్ వేలు బటన్ మీద ఉంది. మొండయ్య వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ ఎత్తి మడమలతో పిన్ను మీద ఒక్క తన్ను తన్నాడు.

పిన్ను ఎగిరింది. తీగ పాములా బుస్సుమంటూ లేచింది. స్తంభం దక్షిణానికి ఒరిగి ధడేలున కూలింది. హాలెన్ బటన్ నొక్కాడు, మళ్లీ నొక్కాడు, పిడికిలితో గుద్దాడు. గిన్నె బండ మీద బోర్లా పడి ఉంది. అది పంపిన కోడ్ అంతా నేలలోకి ఇంకిపోయింది.

"వంద సెకన్లు," అంది రేడియో గొంతు. "అంతా సవ్యంగా ఉంది."

హాలెన్ జేబులోకి చెయ్యి పెట్టేలోపే ప్రమీల పిస్టల్ అతని మెడకు ఆనింది. ఎనిమిది కొట్టేసరికి గుట్ట కింద పోలీసు విజిళ్లు మోగాయి. కిరాయికి వచ్చిన కాపలావాళ్లు తుపాకులు పారేసి చేతులెత్తారు.

"జర ముందుగాల చెప్తే మీ సొమ్మేం పోయేదమ్మా?" అన్నాడు మొండయ్య, నెత్తురోడుతున్న వేళ్లకు తువ్వాలు చుట్టుకుంటూ.

"చెప్తే మీ మొహంలో తెలిసిపోయేది. దొంగతనంగా ఎక్కితే దారిలోనే కాల్చేసేవాళ్లు. బందీగా తెస్తే నడిపించుకొచ్చారు. నన్నేమో హాలెన్ ఆ తీగల దగ్గరికి ఒంటరిగా పోనివ్వలేదు." కళ్లద్దాలు తీసింది. రెండు రాత్రులు నిద్రలేని కళ్లు. "ఆ టైపిస్టును మాత్రం కాపాడలేకపోయాను." మొండయ్య తువ్వాలు ముడి బిగించి, పైకి వచ్చిన పోలీసుల వైర్‌లెస్ అందుకున్నాడు.

"కౌంట్ ఆపింది మన కోసమేనా?" అని చీఫ్‌ను అడిగాడు.

"నీ కోసమా? ఏదో వాల్వు మొరాయించిందట. రాకెట్ కేంద్రంలో వాళ్లకి నువ్వున్నట్టే తెలీదు."

కల్లేదారు పోలీసు జీపెక్కితే ఊరంతా చూస్తుంది. అందుకని మొండయ్య మధ్యాహ్నం చర్లలో భద్రాచలం బస్సు కోసం జనంతో పాటు నిలబడ్డాడు. హోటల్ రేడియోలో వార్తలు వస్తున్నాయి. వైనతేయ మొదటి ప్రయోగం పద్నాలుగు నిమిషాలు ఆలస్యమైనా విజయవంతమైందట. జనం ఈలలేశారు. పక్కన మూట మీద కూర్చున్న అనంతమ్మ అనే ముసలామె అతని మోచెయ్యి తట్టింది.

"పద్నాలుగు నిమిషాలేనా బిడ్డా? పొద్దుగాల బస్సు కోసం నేను ఇంకా ఈడ్నే ఉన్న. గా రాకెట్ డ్రైవరును జర మా రూట్ల ఎయ్యమని చెప్పరాదూ?"