ఒక్క శాతం ఆక్సిజన్ గది

మలేషియాలోని పెనాంగ్‌లో సోమవారం పొద్దున, కోపీ, అంటే అక్కడి కాఫీ, తాగి తన ల్యాబు లిఫ్టు ఎక్కిన డాక్టర్ ఖూ సెంగ్ లియాంగ్ గుండెల్లో రెండు తూటాలు దిగాయి. శుక్రవారం ఆయన తమ్ముడు సెంగ్ హాక్, ఏజెంట్ 41, గ్యాస్ మెకానిక్ వేషంలో అదే ల్యాబులో నిలబడ్డాడు.

ఆ పొద్దున గూఢచారి సంస్థ చీఫ్ దాతుక్ రంలీ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఆక్సిజన్ అందని క్యాన్సర్ కణితి గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ వదిలి రక్తనాళాల్ని తన దగ్గరికి పిలుచుకుంటుంది, ఆ రక్తంతో బలుస్తుంది. లియాంగ్ కనిపెట్టిన మందు ఆ పిలుపును అణిచేస్తుంది. మధ్యాహ్నం మంత్రిత్వ శాఖ ముందు పరీక్ష. దాన్ని చెడగొట్టాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. లోపల మన మనిషి డాక్టర్ వివియన్ ఊయి, ఆరేళ్లుగా లియాంగ్ శిష్యురాలు.

"హంతకుడి పేరు కావాలి. ఎవర్నీ చంపకు," అన్నాడు రంలీ.

వివియన్ సెంటు గుబాళిస్తూ వచ్చింది. అతను కోపీ చల్లారిందా అని అడిగితే, ఐసు వేసుకున్నానని తడుముకోకుండా జవాబిచ్చింది. కోడ్ సరిపోయింది. ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసుకుని, మాస్కు తగిలించుకుని, కణాలు పెంచే గదిలోకి వెళ్లింది. అక్కడ ఆక్సిజన్ ఒక్క శాతమే. ఆమె మాస్కుకు గాలి బయట సెంగ్ హాక్ చేతిలోని గొట్టం గుండా అందుతోంది.

అద్దంలోంచి చూస్తుంటే సీసా మీద చల్లటి నీటి బొట్లు కనిపించాయి. అతని ఒళ్లు మండిపోయింది. కణాలకు పోసే ద్రవం రాత్రంతా ఆ గదిలోనే ఉంచాలని అన్న భోజనాల దగ్గర కూడా మొత్తుకునేవాడు. ఫ్రిజ్‌లోంచి తెచ్చి పోస్తే అందులోని ఆక్సిజన్‌తో కణాల ఆకలి తీరిపోతుంది, పిలుపు ఆగిపోతుంది. అణచడానికి పిలుపే లేకపోతే మందు ఉత్త నీళ్లలా కనిపిస్తుంది. ఆరేళ్లు పనిచేసిన మనిషి పొరపాటున చేసే పని కాదిది.

ఆమె సీసా వంచింది. అతను గొట్టం మడిచి పట్టుకున్నాడు.

"సీసా కింద పెట్టండి, డాక్టరమ్మా," అన్నాడు మైకులో. "లిఫ్టులో మా అన్నకి ఊపిరాడలేదు. మీకెందుకు ఆడాలి?"

ఆమె సీసా దించి చేతులెత్తింది. పట్టు కాస్త సడలించాడు.

"కాల్చింది హెర్మన్... గర్నీ డ్రైవ్ హోటల్, ఏడో అంతస్తు. ఆయన లిఫ్టు ఎక్కుతున్నాడని నేను ఫోను మాత్రమే చేశాను, తమ్ముడూ."

ఆ 'మాత్రమే' విని అతను గొట్టం మళ్లీ బిగించాడు. ఆమె మోకాళ్ల మీద కూలాక గానీ వదల్లేదు.

మధ్యాహ్నం కణాలు పిలిచాయి, మందు వాటి నోరు మూయించింది. హెర్మన్ లుంగీలోనే దొరికాడు.

సాయంత్రం రంలీ అడిగాడు. "బతికింది సరే, ఆమెను బయటికి తేవడానికి పావుగంట ఎందుకు పట్టిందయ్యా?"

"ఆ గదికి రెండు తలుపులు సర్. గాలి చొరబడకుండా ఒకదాని తర్వాత ఒకటి, నిదానంగా తీయాలి. మా అన్న పెట్టిన రూలు."