తొడగని గౌన్లు

"గా బొమ్మ మీద చద్దరన్న కప్పు బిడ్డా. బాపు లేస్తుండు," అంది సారక్క పొయ్యి మీద చాయ్ పెడుతూ.

శ్రీలత కప్పలేదు. ఆ బొమ్మ ఈ పొద్దు కోరుట్ల తెలంగాణ దీక్షా శిబిరానికి పోవాలి. హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివిన పిల్ల కదా అని శిబిరం వాళ్లే అడిగారు. దుబాయ్ సామాను వచ్చిన అట్టపెట్టెలు విప్పి పరిచి, రంగులు పూసి, వాటి మీద తన చిన్ననాటి గౌన్లు వరసగా కుట్టింది. అన్నీ బాపు మొగిలి పంపినవే. ఒక్కటీ ఆమె తొడిగింది లేదు.

ఆమె నాలుగో తరగతిలో ఉండగా దుబాయ్ వెళ్లిన మొగిలి వీసా గొడవల్లో ఇరుక్కుని ఇన్నేళ్లూ రాలేకపోయాడు. అతని కళ్లలో కూతురు ఆ నాలుగో తరగతి పిల్లే. పంపిన ప్రతి గౌనూ చిన్నదే అయ్యేది. సారక్క మాత్రం ఫోన్లో, "కుట్టిచ్చినట్టే ఉన్నది," అనేది. అంత దూరాన కష్టపడే మనిషిని నొప్పించడమెందుకని ఆమె బాధ. ఆమెను తప్పు పట్టడానికి ఎవరికి మనసొస్తుంది?

"మన కాడ పనులుంటే బాపు పోవునా అవ్వా? గీ బొమ్మల గదే చెప్తున్న."

"గాయనకు గట్ల తెలుస్తదా?"

మొగిలి అప్పటికే గడపలో ఉన్నాడు. తెలంగాణ సమ్మెతో బస్సుల్లేక, నిన్ననే జీపులో దిగాడు. కూతుర్ని చూసినప్పటి నుంచీ తెచ్చిన పెట్టె మాత్రం విప్పలేదు. పువ్వుల గౌను ఒకటి వేలితో తడిమాడు.

"ముడత గూడ పోలే. ఒక్కసారన్న తొడగలేదా?"

"పట్టలేదయ్యా. ఒక్కటి గూడ పట్టలే. నేనే అబద్ధం చెప్పిన," అని సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తవా బిడ్డా?"

"ఇజ్జత్ తీసుడు కాదు బాపు. పట్టకున్నా ఒక్కటి గూడ ఎవలకియ్యలే. అన్ని దాచుకున్న."

మొగిలి లోపలికి వెళ్లి, పెట్టె విప్పి పంజాబీ డ్రెస్ ఒకటి తెచ్చాడు. దూరం నుంచే ఆమె ఎత్తుతో పోల్చి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గిది గూడ చిన్నదే. ఇంద, గా బొమ్మకే కుట్టుకో. జాగ ఉన్నది గద."

శ్రీలత దాన్ని తీసుకుని లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి అది ఒంటి మీద ఉంది. భుజాల దగ్గర బిగుతు, చేతులు మోచేతి కిందే ఆగిపోయాయి.

"గిట్లనే పోతవా? నవ్వుతరు," అంది సారక్క.

"నవ్వనీ అవ్వా. గిది బాపు చేతికిచ్చింది."

శ్రీలత బొమ్మ ఒక కొస ఎత్తగానే మొగిలి ముఖం తుడుచుకుని రెండో కొస పట్టుకున్నాడు.

"నువ్వు ముందు నడువు బిడ్డా," అన్నాడు. "ఎంత పొడుగైనవో చూసుకుంట వస్త."