వెనక నుంచి రెండు బెల్లులు

పాత బండి కొన్నవాడికి సలహా చెప్పకుండా ఊరుకునేవాడు ఈ అరవ పట్నంలో, మా చూలై పేటలో ఒక్కడూ లేడు. నేను ఆ వ్యాను తెచ్చి మా సందు మొదట్లో నిలబెట్టిన రోజు, ఇస్త్రీ బండి మునియక్క దగ్గర్నుంచి అందరూ వచ్చి టైర్లు తన్ని చూశారు.

"రామయ్యన్నా, ఇది ఆంబులెన్సు బండి కదా. ఇంటి ముందర పెట్టుకుంటారా ఎవురన్నా?" అంది మునియక్క.

జీవితమంతా సిటీ బస్సు తోలి రిటైరైనవాణ్ణి. బండి గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అని ఒళ్ళు మండింది.

ఆంబులెన్సే. ఎవరో ప్రైవేటువాళ్ళు వాడి వాడి వదిలేసింది. నాకు కావలసింది కూడా అదే, వెనక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. మా అమ్మాయి ప్రణవికి నెలలు నిండుతున్నాయి. పోయినేడు కార్తీకం వానల్లో ఆమెకు నొప్పులు ముందే వచ్చాయి. మోకాటి లోతు నీళ్ళలోకి ఒక్క ఆటోవాడూ రాలేదు. బిడ్డ దక్కలేదు. అల్లుడు శరత్‌చంద్ర ఊరి అవతల మనలి ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి, పిలిస్తే పలికే దూరంలో ఉండడు. ఈసారి నా కూతురు ఆటో కోసం రోడ్డు మీద నిలబడకూడదని ఒట్టు పెట్టుకుని, గుడ్డికన్నా మెల్ల నయమని ఆ బండి కొన్నాను.

కొన్న మర్నాటి నుంచీ తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉండేది. మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ బాలసుందరం నాకు చిన్నప్పటి స్నేహితుడు. వాడు డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి "అయ్యప్పా!" అన్నాడు. సైరను, నీలం లైట్లు, వెనక ఫ్యాను, సెలైను సీసా దగ్గర లైటు... ఒక్కొక్కటీ ఒక్కొక్కడు బయట కొని తెచ్చి, దొరికిన వైరుకు దొరికిన వైరు మెలేసి టేపు చుట్టాడు.

"ఇది వైరింగు కాదన్నా, ఇడియాప్పం" అన్నాడు బాలసుందరం, సేమ్యా ముద్దలా చిక్కుపడ్డ వైర్లు చూపించి.

బ్యాటరీ వైరు ఊడదీసి, మధ్యలో టెస్టు బల్బు తగిలించి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. కరెంటు తినేస్తున్న లైను ఫ్యూజు పీకగానే బల్బు ఆరిపోవాలి. అన్నీ పీకాడు. బల్బు వెలుగుతూనే ఉంది. అంటే ఫ్యూజుల పెట్టెను తప్పించుకుని ఏదో వైరు తిన్నగా బ్యాటరీ నుంచే పోతోంది. దాన్ని పట్టుకుని పోతే, కింద పరిచిన రెక్సిను అడుగు నుంచి వెనక పడక పక్కన తేలింది. అక్కడ ఇళ్ళకు పెట్టే కాలింగ్ బెల్ బటన్ ఒకటి బిగించి ఉంది. దాని బజరు మాత్రం ముందు, డ్రైవరు మోకాలి దగ్గర. రోగి పక్కన కూర్చున్నవాళ్ళు డ్రైవరుకు కబురు చెప్పడానికి పెట్టుకున్నట్టున్నారు. ఎంతమంది ఎంత కంగారుగా నొక్కారో, తెల్ల బటన్ నల్లబడి మధ్యలో గుంట పడింది.

"ఇదే దొంగ. బ్యాటరీ తగిలించేసినా. ఇంజను ఆన్ చేసి పెట్టన్నా, కొంచెం చార్జి ఎక్కనీ" అని బాలసుందరం స్క్రూడ్రైవరు తీసుకుని వెనక్కి వెళ్ళాడు.

నేను స్టీరింగు ముందు కూర్చుని ఇంజను ఆన్ చేశాను. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. కాసేపటికి మోకాలి దగ్గర బజరు మోగింది. రెండుసార్లు.

నా చేయి గేరు వేసింది, కాలు క్లచ్ వదిలింది. నన్ను అడగనైనా లేదు. మా బస్సుల్లో కండక్టరు ఒక విజిల్ ఊదితే ఎవరో దిగుతున్నారు, ఆపు. రెండు ఊదితే ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేశారు, పో. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఉద్యోగంతో వచ్చిన బుద్ధీ అంతే. కండక్టర్లు అరిచినట్టు "పోలాం రైట్", పోదాం పద, అని పైకి అన్నాను కూడా. బండి ముందుకు కదిలింది.

ఎదురుగా టీ కొట్టు దగ్గర్నుంచి బాలసుందరం పరుగెత్తుకొచ్చాడు. "సుమ్మా ఊరికే ఉండలేవా అన్నా? బండి ఎందుకు తీసినావు?"

"నువ్వే కదరా రెండు బెల్లులు కొట్టింది."

వాడు గుప్పిట విప్పాడు. అందులో ఆ నల్లబడిన బటన్ ఉంది.

"అప్పుడే ఊడబెరికినానన్నా. టీ చెప్పేదానికి ఆడికి పోయినా."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తరవాత నవ్వేశాం. ఎక్కడో వైరు బాడీకి తగిలి ఉంటుందన్నాడు వాడు. రెండు చివర్లా వైరు కత్తిరించి టేపు చుట్టాడు. మళ్ళీ తగిలించి చూస్తే టెస్టు బల్బు వెలగలేదు. బజరు ఊడదీయాలంటే డ్యాష్‌బోర్డంతా విప్పాలి, వైరే లేనప్పుడు దానితో పనేముందని వదిలేశాం.

మర్నాడు తాళం తిప్పగానే బండి స్టార్టయింది. నేను సంతోషించాలి. కానీ ఒకటి మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వెనక ఎంతమంది ఉన్నారో డ్రైవరు తిరిగి చూడక్కర్లేదు, సీటు చెబుతుంది. నేను ఖాళీ బండి తోలుతున్నాను. అది ఖాళీ బండిలా నడవడం లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రణవి ఆ బండి ఎక్కదు. ఆకాశం చూస్తే నల్లగా ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. దీపాలు పెట్టేవేళకు కరెంటు పోయింది, సందులోకి నీళ్ళు వచ్చేశాయి, ప్రణవికి నొప్పులు మొదలయ్యాయి. నేనూ మా ఆవిడ చూడామణీ ఆమెను చెరో రెక్కా పట్టుకుని వ్యాను ఎక్కించాం. ఎగ్మూరు నర్సింగ్ హోముకు పోవాలి. తాళం తిప్పాను. ఎప్పుడూ లేనంత చక్కగా స్టార్టయింది.

చీకటి. వైపర్ల చప్పుడు. చక్రాల కింద నీళ్ళ చప్పుడు. బండిలో ఎన్నిసార్లు కడిగినా పోని డెట్టాల్ వాసన, ఆ రోజు దానికి తోడు ఏదో తడిగుడ్డల కంపు. వెనక ప్రణవి పళ్ళు బిగబట్టి మూలుగుతోంది.

"అమ్మా... చెయ్యి తియ్యి. చల్లగా ఉంది."

"ఏ చెయ్యమ్మా?"

"పొట్ట మీద... తియ్యమ్మా."

చూడామణి ముందుకు వంగి నా చెవి దగ్గర గుసగుసగా అంది. "నేను రెండు చేతుల్తో దాని తల పట్టుకోనుండానయ్యా. బిన్నా పో, తొందరగా."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే తోలలేనని నాకు తెలుసు. నీళ్ళని చీల్చుకుంటూ పోనిచ్చాను.

నర్సింగ్ హోము వాకిట్లో స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ప్రణవిని పడుకోబెట్టి లోపలికి తీసుకుపోయారు, వెంట చూడామణి పరుగెత్తింది. మగవాళ్ళు పైకి రాకూడదని, బండి పక్కకు తీయమని వాచ్‌మన్ చెప్పాడు. తలుపు మూసి, ఎక్కి, బండి కదిలించాను.

బజరు మోగింది. ఒక్కసారి.

నా కాలు బ్రేకు తొక్కేసింది.

వెనక తలుపు మెల్లగా జరిగిన చప్పుడు... బండి స్ప్రింగుల మీద కొంచెం పైకి లేచింది. ఎవరో దిగారు. నేను ఆపాను, వాళ్ళు దిగారు. నా కూతురు పోయిన వైపే.

అప్పుడు అర్థమైంది నాకు. రైట్ చెప్పి ఎక్కించుకున్నది నేను. తెచ్చి ఇక్కడ దించిందీ నేనే. పైకి పరుగెడదామని ఒక కాలు కింద పెట్టాను.

బజరు మోగింది. రెండుసార్లు.

బండి వెనక భాగం కుంగింది. ఒక్కరు ఎక్కితే కుంగేంత కాదు... పండగ ముందు రోజు బస్సు కుంగినట్టు కుంగింది. తడిగుడ్డల వాసన ముందుదాకా వచ్చింది. కింద పెట్టిన కాలు లోపలికి లాక్కున్నాను. బజరు పట్టుకుని బలంగా పీకాను. తెగిన వైరు ముక్కలతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

నా గుప్పిట్లోనే మోగింది. రెండుసార్లు. పురుగు గిలగిల్లాడినట్టు.

ఫోన్ వచ్చింది. చూడామణి.

"లోపలికి పోయీ పోగానే బిడ్డ పుట్టిందయ్యా... ఏడవలేదు. వీపు తడతా ఉండారు. ఏడవడంలేదయ్యా..."

రెండు బెల్లులు. ఎక్కేశారు, పో. నా ఎడమకాలు క్లచ్ మీదే ఉంది. వదులు, వదులు అని కాలే అంటోంది. ఇందాక దిగినవాళ్ళే మళ్ళీ ఎక్కారని, ఎవరిని ఎత్తుకుని ఎక్కారో కూడా నాకు తెలిసిపోయింది. డ్రైవరు తీస్తేనే బండి పోతుంది. తీయను. చచ్చినా తీయను.

ఇంజను ఆపేశాను. తాళం పీకాను. బ్రేక్‌డౌన్ అయిన ప్రతిసారీ బస్సులో అరిచిన మాటే అరిచాను.

"బండి పోదు. అందరూ దిగండి."

ఏ భాషవాళ్ళో నాకేం తెలుసు? అరవంలోనూ చెప్పాను. "వండి పోగాదు. ఎల్లారుం ఎరంగుంగ."

వాన ఒక్కటే చప్పుడు.

గుప్పిట్లో బజరు మోగింది. ఒక్కసారి. బండి కొంచెం పైకి లేచింది. ఫోన్‌లో సన్నగా, తరవాత గట్టిగా, పసిబిడ్డ ఏడుపు.

"ఏడ్చిందయ్యా! ఆడపిల్ల! ప్రణవి కూడా బాగుండాది!"

స్టీరింగు మీద తల ఆనించి నేను భోరుమని ఏడ్చాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

బజరు మళ్ళీ మోగింది. ఒక్కసారి. బండి ఇంకొంచెం లేచింది.

మళ్ళీ ఒక్కసారి.

మళ్ళీ...

అందరూ దిగండి అన్నాను నేను. దిగుతున్నారు. గుప్పిట ఎంత బిగించినా అది ఆగడం లేదు. ఒకరి తరవాత ఒకరు... ఒకరి తరవాత ఒకరు...

ఫోన్‌లో చూడామణి గొంతు మారింది. "ఏందయ్యా ఇది, ఈ వరండాలో ఇందాక ఎవురూ లేరే. ఉన్నట్టుండి ఇంతమంది... అందరూ తడిసిపోయి ఉండారు. పాపను చూడాలంట."